సప్తమీ విభక్తి

మా నాన్న దేవుణ్ణి నమ్మడు, వ్యాకరణాన్ని నమ్ముతాడు. దేవుడి సంగతి ఎవరేం మాట్లాడినా నవ్వి ఊరుకుంటాడు గాని, ఎదటివాడు శ్లోకంలో ఒక్క విభక్తి తప్పు పలికితే ఆయనకు ఒళ్ళు మండిపోతుంది. మా మేనత్త కూతురి పెళ్ళిలో ముహూర్తం దాటిపోతోందని ఆడపెళ్ళివాళ్ళు గోల పెడుతుంటే, ఈయన పీటల దగ్గరికి వెళ్ళి పురోహితుడికి షష్ఠికీ సప్తమికీ తేడా చెప్పి వచ్చాడు. ఆ తరవాత మమ్మల్ని పెళ్ళిళ్ళకు పిలవటం బాగా తగ్గింది.

ఆయన పేరు అచ్యుతరామారావు. ముప్పై రెండేళ్ళు కాలేజీలో సంస్కృతం చెప్పాడు. రిటైరయ్యాక హేతువాద సభల్లో మాట్లాడటం, పత్రికలకు ఉత్తరాలు రాయటం ఆయన పని. ఎవరో ఒకరు ఫోన్లో ఒక శ్లోకం పంపిస్తారు, ఫలానా పురాణంలో ఉందట అని. నాన్న ఇంట్లో ఉన్న పుస్తకాలన్నీ తిరగేసి, 'ఇది ఏ పురాణంలోనూ లేదు, కల్పించినవాడికి సంస్కృతం కూడా రాదు' అని రాస్తాడు. దొంగ శ్లోకాలు పట్టుకోవటంలో మా చుట్టుపక్కల ఆయన్ని మించినవాళ్ళు లేరు. ఆయన కూతుర్ని నేను, వేదశ్రీని. పేరు మా నాయనమ్మ జ్ఞానప్రసూనాంబ పెట్టింది, నా తప్పేం లేదు. నేనూ దేవుణ్ణి నమ్మను. నాన్నకున్న ఓర్పు నాకు లేదు కాబట్టి నవ్వి ఊరుకోను కూడా.

బెజవాడ పటమటలో, మా ఇంటి దగ్గరే, ఒక ఇంటర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతాను. పొద్దున్నుంచి పిల్లలకు ఘర్షణ గుణకం గురించి గొంతు పోయేలా చెప్పి, ఇంటికొచ్చి స్నానం చేసి, సాయంత్రం ఏడింటికి ఫోను పట్టుకుని మనుషుల్ని కాలుస్తాను. అదీ మా ఆట. నలుగురు ఒక జట్టు. విమానంలోంచి దీవి మీదికి దూకి, దొరికిన తుపాకులు ఏరుకుని, మిగతా జట్లన్నిటినీ చంపి చివరిదాకా మిగలాలి. ఇరవై ఎనిమిదేళ్ళదానివి, లెక్చరర్‌వి, నీకిదేం పిచ్చి అని అడిగేవాళ్ళకు జవాబు చెప్పటం ఎప్పుడో మానేశాను.

మా జట్టు పేరు బెజవాడ బ్యాచ్. కెప్టెన్ని నేనే. హనుమాన్ జంక్షన్‌లో మందుల షాపు చూసుకునే సుస్మిత ఆదివారం సాయంత్రం రాహుకాలం దాటేదాకా మ్యాచ్ మొదలుపెట్టనివ్వదు. డేనియల్ అదే ఆదివారం పొద్దున చర్చి అయ్యేదాకా ఫోను ముట్టడు. కొమ్ములున్న ముసుగు ఉచితంగా వచ్చినా తన బొమ్మకు తొడగడు, సాతాను గుర్తట. ఈ ఇద్దరి దేవుళ్ళ మధ్య మా ఆదివారం సగం కొట్టుకుపోయేది. నేను విసుక్కుంటే డేనియల్ మెల్లిగా అనేవాడు, "మరి మీరు ప్రతిసారీ ఆ ఎర్ర నీళ్ళ ట్యాంకు మీదే ఎందుకు దూకమంటారక్కా?" అని. అది వ్యూహం అనేదాన్ని. మొదటిసారి గెలిచిన రోజు ఆ ట్యాంకు మీద దూకాం, అంతకు మించి కారణం లేదు. ఆ మాట వాడితో అనటానికి నాకేం పట్టింది.

నాలుగోవాడు సాయిగణేష్. ఇంజనీరింగ్‌లో నా క్లాస్‌మేట్. వాళ్ళ నాన్న తిరుపతిరావుగారు ఊళ్ళో పొలం కౌలుకిచ్చి వచ్చి, వన్ టౌన్‌లో నీళ్ళ మోటార్ల విడిభాగాల దుకాణం పెట్టారు. కింద దుకాణం, పైన ఇల్లు. గణేష్ ఇంజనీరింగ్ అయ్యాక ఆ దుకాణంలోనే కూర్చున్నాడు. మా జట్టు బలమంతా వాడి గురే. దూరం నుంచి కాల్చే పెద్ద తుపాకీ వాడికిస్తే చాలు, మేం ముగ్గురం చెట్ల చాటున కూర్చున్నా గెలిచేవాళ్ళం. కాల్చే ముందు వాడు ఊపిరి బిగబట్టటం మాకు హెడ్‌ఫోన్‌లో వినిపించేది. మళ్ళీ వదిలాడంటే అవతలివాడు పడిపోయాడన్నమాట.

రెండేళ్ళ కిందట కార్తీకమాసంలో ఒక సాయంత్రం ఆడుతున్నాం. ఎడమ పక్క గోడ వెనక ఇద్దరున్నారు, గణేష్‌కు ఎదురుగా ఉన్నారు. "ఒరేయ్ కొట్టరా" అన్నాను. వాడు కొట్టలేదు. వాళ్ళిద్దరూ వచ్చి నన్ను పడగొట్టారు. గణేష్ పాక్కుంటూ వచ్చి నాకు కట్టు కట్టడం మొదలుపెట్టాడు.

"నీకేమన్నా బుద్ధుందా? ఎదురుగా ఉంటే కొట్టవేం?" అన్నాను.

"పొద్దున మాల వేసుకున్నాను వేదా. భవానీ దీక్ష. నలభై ఒక్క రోజులు" అన్నాడు. "ఎవరన్నా పడిపోతే లేపుతాను, మందులు మోస్తాను. చంపటం మాత్రం కుదరదు. ఇంకో సంగతి, ఒరేయ్ అనకూడదు. భవానీ అనాలి."

హెడ్‌ఫోన్‌లో డేనియల్ ఎంతో మర్యాదగా, "భవానీ, ఆ పెద్ద తుపాకీ ఇటిప్పిస్తారా మరి" అన్నాడు. సుస్మిత నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

కారణం వాళ్ళమ్మ. సీతారావమ్మగారి గుండెలో కవాటం పాడైంది, మార్చాలన్నారు. ఆపరేషన్ గట్టెక్కితే మాల వేసుకుని వస్తానని కాదు, ముందే వేసుకుని దీక్ష పూర్తిచేసి, ఇరుముడి నెత్తిన పెట్టుకుని కొండెక్కుతానని వాడు దుర్గమ్మకు మొక్కుకున్నాడు. ఎర్రబట్టలు, ఒంటిపూట భోజనం, నేలమీద పడక, కాళ్ళకు చెప్పుల్లేకుండా వన్ టౌన్ రోడ్ల మీద నడక. మాలలో ఉన్నవాణ్ణి కన్నతల్లి కూడా భవానీ అనే పిలవాలి. చీమను కూడా తొక్కకుండా నడవాలి. అన్నీ బాగానే ఉన్నాయి. కాని దీక్ష ముప్పై మూడో రోజున బెజవాడలోనే మా రాష్ట్ర ఫైనల్. పదహారు జట్లు. మూడేళ్ళుగా అక్కడిదాకా వెళ్ళటానికి చచ్చీ చెడీ ఆడాం. మా గురిగాడు అక్కడికొచ్చి కట్లు కట్టుకుంటూ కూర్చుంటానంటాడు.

మూడు వారాలు వరసగా ఓడిపోయాం. ఇక ఆగలేక ఒక మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. సీతారావమ్మగారు మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. పని చెయ్యొద్దన్నారు గాని ఆవిడ చేతులు ఊరుకోవు.

"రామ్మా వేదమ్మాయ్. మీ ఆట ఫోన్లో చూపిస్తారంటగా?" అంది.

"లైవ్ ఇస్తారు ఆంటీ."

"ఆసుపత్రిలో పడుకుని చూసుకుంటాలే. మర్నాడేగా నా ఆపరేషను. చిన్నప్పట్నించీ భవానీ ఒక్క ఆటలో కప్పు తెచ్చింది లేదమ్మా. ఇదన్నా తెస్తే ఆ ధైర్యంతో లోపలికి పోతా."

కొడుకును ఆవిడ భవానీ అంటుంటే విచిత్రంగా ఉంది. గణేష్‌ను మెట్ల మీదికి తీసుకెళ్ళి ఒక్క దులుపు దులిపాను. "అవి బొమ్మలు. రంగు చుక్కలు. చంపటమేంటి నీ మొహం?" అన్నాను.

"బొమ్మలే. వేలు నాది కదా వేదా" అన్నాడు.

దేవుడు లేడని వాడితో ఏడేళ్ళుగా వాదిస్తున్నాను. విని, తల ఊపి, టీ తాగించి పంపించేవాడు. ఆ రోజు మెట్లు దిగుతుంటే నాకొకటి తట్టింది. వాణ్ణి కదిలించేది లేడనే మాట కాదు, ఉన్నాడనే మాటే.

ఇంటికొచ్చి తలుపేసుకుని కూర్చున్నాను. చిన్నప్పుడు నాన్న నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని సంస్కృత శబ్దాలన్నీ వల్లె వేయించాడు. విభక్తులు అప్పజెప్పలేక ఎన్ని తొడపాశాలు తిన్నానో లెక్కలేదు. ఆ చదువు జీవితంలో మొదటిసారి పనికొచ్చింది. గంటలో ఒక ముక్క తయారైంది.

'క్రీడే తు హననం నాస్తి, మాతృకార్యే న పాతకమ్.'

ఆటలో చంపటమన్నది లేదు, తల్లి కోసం చేసే పనిలో పాపం లేదు. పాదానికి ఎనిమిది అక్షరాలు, లఘువులూ గురువులూ ఎక్కడివక్కడ కూర్చున్నాయి. నిజం చెప్పొద్దూ, నాకు ముచ్చటేసింది.

గణేష్‌కు ఫోన్ చేశాను. నాన్న పాత పుస్తకాల్లో దొరికిందనీ, అట్ట ఊడిపోయి గ్రంథం పేరు తెలియటం లేదనీ చెప్పాను.

"మీ నాన్నగారు చూశారా?" అని అడిగాడు.

"చూశారు. సరైనదే అన్నారు" అన్నాను. ఇంత అబద్ధం ఇంత నున్నగా నా నోట్లోంచి వస్తుందని నాకే తెలియదు.

"అయితే సరే. దేవుణ్ణి నమ్మని మనిషి, దొంగ శ్లోకం చెప్పాల్సిన ఖర్మ ఆయనకేంటి" అన్నాడు.

అయినా ఊరికే ఒప్పుకోలేదు. వాడికి మాల వేసిన గురు భవాని హనుమయ్యగారిని అడిగాడు. ఆయన వన్ టౌన్‌లో బెల్లం కొట్టు గుమాస్తా, ఇరవై ఏళ్ళుగా మాల వేసుకుంటున్న మనిషి, సంస్కృతం రాదు. అంత పండితుడు చూశాక తిరుగేముంది, పదకొండు సార్లు చదువుకుని ఆడుకోమన్నాడట. ఒక్క షరతు పెట్టాడు. అక్షరం పొల్లు పోకూడదు, మంత్రం తప్పు చదివితే చదివినవాడి ఇంటికే చుట్టుకుంటుంది అని. ఆ మాటకు భయపడి గణేష్ నన్ను ఆ శ్లోకం చదివి రికార్డు చేసి పంపించమన్నాడు. దుకాణంలో మోటార్ల మధ్య కూర్చుని నా గొంతుతో పాటు రోజుకు నూట ఎనిమిది సార్లు చదివాడు. ఒక్క అక్షరం పోనివ్వలేదు.

ఫైనల్ ఒక కల్యాణ మండపంలో పెట్టారు. ఎర్రలుంగీ, ఎర్రచొక్కా, మెడలో మాల, చెవులకు హెడ్‌ఫోన్. జనమంతా వాణ్ణే చూస్తున్నారు. మ్యాచ్ మొదలయ్యే ముందు వాడు గొణుక్కోవటం మా ముగ్గురికీ వినిపిస్తోంది, క్రీడే తు హననం నాస్తి అని. తరవాత ఊపిరి బిగబట్టాడు. ఆ రోజు వాడు పడగొట్టిన వాళ్ళు పంతొమ్మిది మంది. గెలిచాం. కప్పు పట్టుకుని ఫోటో దిగి, చెప్పుల్లేని కాళ్ళతో అలాగే సూర్యారావుపేట ఆసుపత్రికి పరిగెత్తాడు. వాళ్ళమ్మ కప్పు దుప్పటి మీద పెట్టుకుని రాత్రంతా దాన్ని నిమురుతూనే ఉందని తరవాత చెప్పాడు.

మర్నాడు ఆపరేషన్ జరిగింది. మూడో రోజు సీతారావమ్మగారు పోయింది. గుండె తట్టుకోలేకపోయిందన్నారు డాక్టర్లు.

తల్లి పోతే మాలలో ఉండకూడదు. హనుమయ్యగారు ఆసుపత్రి వరండాలోనే వాడి మెడలో మాల తీసేశారు. ముప్పై ఆరు రోజులకు దీక్ష విరిగిపోయింది. ఇరుముడి లేదు, కొండ లేదు.

పదో రోజు దాటాక నిజం చెప్పేద్దామని వెళ్ళాను. దారిపొడుగునా మాటలు కూడగట్టుకున్నాను. శ్లోకం నేనే రాశాను, తిట్టాలంటే తిట్టు, కాని దానికీ మీ అమ్మ పోవటానికీ సంబంధం లేదు, కవాటానికి నీ వేలు సంగతి తెలియదు అని చెప్పాలనుకున్నాను. లోపలికి వెళ్ళేసరికి వాళ్ళ మేనత్త వెంకటరత్నమ్మ వచ్చినవాళ్ళకు చెబుతోంది, "మాలలో ఉండి మనుషుల్ని కాల్చే ఆటేందమ్మా? అమ్మవారు ఊరుకుంటదా? కన్నతల్లిని పొట్టన పెట్టుకున్నాడు" అని. గణేష్ గుండుతో గోడకు ఆనుకుని ఉన్నాడు. అన్నీ వింటున్నాడు.

నన్ను చూసి లేచి మెట్ల మీదికి వచ్చాడు.

"అత్తయ్య రోజూ అదే అంటోంది వేదా. ఒక్కోసారి నిజమేనేమో అనిపిస్తుంది. అప్పుడు నీ శ్లోకం చదువుకుంటాను. మాతృకార్యే న పాతకమ్. అమ్మ కోసమే కదా ఆడాను. అది లేకపోతే ఈపాటికి కృష్ణలో దూకేవాణ్ణి" అన్నాడు.

కూడగట్టుకున్న మాటలన్నీ మింగేసి, అవునన్నాను. పిరికితనానికి జాలి అని పేరు పెట్టుకుని ఇంటికొచ్చాను.

ఆ తరవాత వాడు ఆట మానలేదు. ఏడింటికల్లా లైన్లోకి వచ్చి, పదకొండు సార్లు శ్లోకం చదివి మరీ తుపాకీ పట్టేవాడు. ఏడాది గడిచేసరికి సుస్మితకూ అది నోటికొచ్చేసింది. ఆ పదకొండు సార్లూ అయ్యేదాకా డేనియల్ తన ప్రార్థన తను చేసుకునేవాడు. నేను మైకు కట్టేసి కూర్చునేదాన్ని. నేను అల్లిన అబద్ధం రోజూ నా చెవిలోనే వినిపిస్తుంటే ఎవరితో చెప్పుకోను.

తల్లి పోయిన ఏడాది కొండెక్కకూడదు కాబట్టి పోయినసారి వాడు మాల వేసుకోలేదు. ఈ ఏడు వేసుకున్నాడు. విరిగిన దీక్ష పూర్తి చెయ్యాలన్నాడు. ఊరుకున్నాడా, మాలలో ఉండి ఫోన్లో ఆటలాడే కుర్రాళ్ళు చాలామంది ఉన్నారని, వాళ్ళ కోసం తల్లి పేరున ఒక కరపత్రం అచ్చు వేయించి భవానీల శిబిరాల్లో పంచాడు. పైన అమ్మవారి బొమ్మ, కింద సీతారావమ్మగారి ఫోటో, మధ్యలో నా శ్లోకం. దాని కింద లావు అక్షరాలతో, 'సేకరణ: సంస్కృత పండితులు శ్రీ అచ్యుతరామారావుగారు' అని ఉంది.

దాని ఫోటో తిరిగి తిరిగి నాన్న ఫోన్లోకే వచ్చింది. హేతువాద సభల్లో ఆయనతో పాటు మాట్లాడే మిత్రుడొకాయన పంపాడు, 'ఏమిటి మాస్టారూ, మీరు కూడా మొదలుపెట్టారా?' అని. నాన్న కళ్ళజోడు సవరించుకుని చదివాడు. నేను ఎదురుగా పేపర్లు దిద్దుతున్నాను. ఆయన పత్రంలో తన పేరు చూసి అరుస్తాడనుకున్నాను. పేరు దాకా వెళ్ళలేదు.

"క్రీడే" అన్నాడు. ఇంకోసారి అన్నాడు. తల ఎత్తి నా వంక చూసి, "రమే" అన్నాడు.

దొరికిపోయాను. చిన్నప్పుడు రమా శబ్దంలో సప్తమి అడిగితే రమాయాం అనాల్సింది పోయి ఎప్పుడూ రమే అనేదాన్ని. ఎన్ని తొడపాశాలు పెట్టినా ఆ ఒక్క తప్పు నన్ను వదల్లేదు. ఇరవై ఏళ్ళ తరవాత ఆ తప్పు నా సంతకం అయి కూర్చుంది.

జరిగిందంతా చెప్పాను.

"నలభై ఏళ్ళుగా నేను జనానికి చెప్తున్నదేమిటమ్మా? నా పేరు పెట్టి, నా ఇంట్లో కూర్చుని, నా కూతురే."

"తప్పే నాన్నా."

"ఆదివారం ఆ అబ్బాయి వస్తానని ఫోన్ చేశాడు. ఏ గ్రంథంలోదో అడగాలట. చెప్పేస్తాను."

"చెపితే వాడు బతకడు నాన్నా. తల్లిని తనే చంపుకున్నానని వాడికి లోపల్లోపల ఉంది. కాదని చెప్పేది ఆ శ్లోకం ఒక్కటే. నీ కాళ్ళు పట్టుకుంటాను, చెప్పొద్దు" అన్నాను.

నాన్న ఆ పూట అన్నం తినలేదు. ఆదివారం దాకా నాతో మాట్లాడలేదు.

గణేష్ పొద్దున తొమ్మిదింటికి వచ్చాడు. ఎర్రబట్టలు, దుమ్ము కొట్టుకున్న కాళ్ళు. వస్తూనే నాన్న కాళ్ళకు దణ్ణం పెట్టాడు. నాన్న ఎవర్నీ కాళ్ళు ముట్టుకోనివ్వడు, ఆ రోజు ఊరుకున్నాడు. నేను వంటింటి గుమ్మంలో నిలబడిపోయాను.

"మాస్టారూ, చాలామంది అడుగుతున్నారండీ, ఇది ఏ గ్రంథంలోదని. మీరు చెప్తే ఈసారి కరపత్రంలో అది కూడా వేయిస్తాను" అన్నాడు గణేష్.

వాడు తెచ్చిన కరపత్రం నాన్న చేతిలోకి తీసుకున్నాడు. సీతారావమ్మగారి ఫోటో వంక చూశాడు. నా వంక చూడలేదు.

"పాతదే నాయనా. అట్ట ఊడిపోయిన పుస్తకం. గ్రంథం పేరు నాకూ తెలియదు."

నాకు ప్రాణం లేచి వచ్చింది. జీవితమంతా దొంగ శ్లోకాల మీద కత్తి కట్టిన మనిషి నా కోసం, వాడి కోసం, ఒక దొంగ శ్లోకానికి సాక్ష్యం చెప్పాడు. ఏడుపొచ్చింది కూడా. కాఫీ కలుపుదామని వెనక్కి తిరగబోతూ నాన్న చెయ్యి చూశాను. పత్రం ఇంకా కింద పెట్టలేదు. బొటనవేలు క్రీడే మీద ఉంది. ఆ వేలు అక్కణ్ణుంచి కదలటం లేదు.

"నాన్నా, ఇక వదిలెయ్" అన్నాను.

వినిపించుకోలేదు. జేబులోంచి ఎర్రసిరా పెన్ను తీశాడు.

"ఒక్క చిన్న సవరణ నాయనా. ఇక్కడ క్రీడే అని పడింది. క్రీడా అన్నది ఆకారాంత స్త్రీలింగం. సప్తమీ విభక్తిలో క్రీడాయాం అవుతుంది. క్రీడాయాం హననం నాస్తి. తు అక్కర్లేదు. చూడు, ఛందస్సు కూడా ఎంత చక్కగా సరిపోయిందో." వారం నుంచి చచ్చినట్టున్న ఆయన మొహంలోకి కళ వచ్చింది.

గణేష్ ముందుకు వంగి చూశాడు. "అంటే, క్రీడే అని చదివితే?"

"తప్పు" అన్నాడు నాన్న. ఆ మాట అనటానికి ఆయన ఎప్పుడూ ఆలోచించడు.

గణేష్ పెదాలు కదిలాయి. పాతదొకసారి, కొత్తదొకసారి అనుకున్నాడు.

"నేను రోజుకు నూట ఎనిమిది సార్లు చదివానండీ. ఫైనల్ రోజున పదకొండు సార్లు చదివి తుపాకీ పట్టుకున్నాను. క్రీడే అనే చదివాను" అన్నాడు.

నాన్న చేతిలో పెన్ను ఆగిపోయింది. ఏం చేశాడో ఆయనకు అప్పుడు అర్థమైంది. "అది కాదు నాయనా, విభక్తి మాత్రమే. భావం ఒకటే" అన్నాడు.

"లేదండీ. తప్పు చదివితే చదివినవాడి ఇంటికే చుట్టుకుంటుందని హనుమయ్యగారు ముందే చెప్పారు" అన్నాడు గణేష్. గొంతులో కోపం లేదు. రెండేళ్ళుగా వెతుకుతున్న వస్తువు దొరికినవాడిలా ఉన్నాడు. మళ్ళీ నాన్న కాళ్ళకు దణ్ణం పెట్టి, పత్రం ఆయన దగ్గరే వదిలేసి మెట్లు దిగిపోయాడు.

వెనకాలే పరిగెత్తాను. గేటు దగ్గర చెయ్యి పట్టుకుని ఆపాను. మాలలో ఉన్నవాణ్ణి ఆడవాళ్ళు అలా పట్టుకోకూడదు, పట్టుకున్నాను.

"గణేషూ, అది నేనే రాశాను. మా ఇంట్లో, గంటలో రాశాను. ఏ పుస్తకమూ లేదు, ఏ మంత్రమూ కాదు. ఫైనల్ కోసం నీకు అబద్ధం చెప్పాను. ఒప్పయినా తప్పయినా అది ఉత్త మాటలు. మీ అమ్మ పోవటానికీ దానికీ ఏ సంబంధమూ లేదు. నన్ను కొట్టు, చంపు, కాని నా మాట నమ్ము."

వాడు నన్ను ఎంతో జాలిగా చూశాడు. మెల్లిగా చెయ్యి విడిపించుకున్నాడు.

"మీ నాన్నగారు పాతదే అన్నారు కదా వేదా. ఆయన అబద్ధం చెప్పరు. నన్ను ఓదార్చటానికి నువ్వు ఇంతదాకా రావక్కర్లేదు" అన్నాడు. "అయినా నీ తప్పేముంది. చెప్పేటప్పుడు ఒక అక్షరం ఎవరికైనా జారుతుంది. చదివింది నేను."

చెప్పుల్లేని కాళ్ళతో పటమట రోడ్డు మీద ఆటోల మధ్య నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. నేను పిలిచాను. భవానీ అని కూడా పిలిచాను. వెనక్కి తిరగలేదు.

పైకి వచ్చేసరికి నాన్న కుర్చీలో అలాగే కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో కరపత్రం. క్రీడే మీద ఎర్రగీత, దాని పైన ముత్యాల్లాంటి అక్షరాలతో క్రీడాయాం. నన్ను చూసి చిన్నపిల్లాడిలా అడిగాడు.

"వ్యాకరణం ప్రకారం అదే కదమ్మా రైటు?"

"అవును నాన్నా, అదే రైటు" అన్నాను.